నీ హంతకుడికి అంత తెలివెందుకు?

తమ్ముడూ,

స్క్రిప్టు చదివాను. డైలాగులు బాగా పలుకుతున్నాయి. చిక్కంతా నీ సీరియల్ కిల్లర్‌తోనే. పేరున్న సర్జన్, చెస్ ఆడతాడు, ఒక్కో శవం పక్కన ఒక్కో వేమన పద్యం రాసి పెట్టి పోతాడు. పద్యాలు తెలిసిన హీరో వచ్చేదాకా పోలీసులు నోరెళ్లబెట్టి చూస్తుంటారు. ఇలాంటివాడు సినిమాల్లో పుట్టి సినిమాల్లోనే పెరిగాడు. నేను చదివిన నిజం కేసుల్లో ఎక్కడా తగల్లేదు.

'మెమరీస్ ఆఫ్ మర్డర్' రెండుసార్లు చూశానన్నావు. ఆ కేసు గురించి చదివి ఇంకోసారి చూడు. దక్షిణ కొరియాలో హ్వసాంగ్ అనే పల్లెప్రాంతం. 1986 నుంచి 1991 దాకా అక్కడ పదిమంది ఆడవాళ్లను చంపేశారు. దర్శకుడు బాంగ్ జూన్-హో 2003లో ఈ సినిమా తీసేనాటికి హంతకుడెవరో తేలలేదు. అందుకే అతను కెమెరాను పోలీసుల మీద పెట్టాడు. పొలంలో దొరికిన కాలిముద్ర జాగ్రత్త అని డిటెక్టివ్ అరుస్తూ ఉండగానే ట్రాక్టరు దాన్ని తొక్కుకుంటూ పోతుంది. కళ్లలోకి చూస్తే నేరస్థుడెవరో చెప్పేస్తానని ఆయనకో నమ్మకం. తెలివి సరిగ్గా ఎదగని కుర్రాణ్ని పట్టుకొచ్చి, కొట్టి, ఏం చెప్పాలో కూడా వాళ్లే నేర్పుతారు. మధ్యలో కొట్టినవాళ్లూ దెబ్బలు తిన్నవాడూ ఒకే గదిలో కూర్చుని, నూడుల్స్ తింటూ టీవీలో పోలీసు సీరియల్ చూస్తారు. నాకైతే హత్యల సీన్ల కన్నా ఆ భోజనం సీనే ఎక్కువ భయం పుట్టించింది.

అది కల్పన అనుకునేవు. ఆ పదిమందిలో 1988లో హత్యకు గురైన 13 ఏళ్ల పిల్ల ఒకర్తె. మరుసటి ఏడాది, పోలియో వల్ల కుంటుతూ నడిచే ఒక మెకానిక్‌ను పట్టుకున్నారు. వయసు 22. నిద్రపోనివ్వకుండా నేరం ఒప్పించారు. దాదాపు 20 ఏళ్లు జైల్లో ఉండి 2009లో బయటికొచ్చాడు. నిర్దోషి అని కోర్టు చెప్పింది మాత్రం 2020 డిసెంబరులో!

అసలువాడు 2019లో డీఎన్‌ఏ పరీక్షతో బయటపడ్డాడు. లీ చున్-జే. 1994లో మరదల్ని చంపిన కేసులో అప్పటికే యావజ్జీవం అనుభవిస్తున్నాడు. మొత్తం 14 హత్యలు ఒప్పుకున్నాడు. హ్వసాంగ్ హత్యల్లో చివరిదానికి కూడా కేసు పెట్టే గడువు 2006లోనే దాటిపోయింది, కాబట్టి వాటికి శిక్ష లేదు. అన్నేళ్లు దొరక్కపోవడానికి వాడేం మేధావి కాడు. పోలీసులు అప్పట్లోనే వాణ్ని పిలిచి ప్రశ్నించారు. హంతకుడిది బి గ్రూపు రక్తమని వాళ్ల లెక్క, వాడిది ఓ గ్రూపు. పంపించేశారు. తర్వాత కోర్టులో సినిమా గురించి అడిగితే, చూశాను, ఏమీ అనిపించలేదన్నాడు. ఇంత చప్పటి మనిషికి నువ్వు వేమనను అప్పగించావు.

హిచ్‌కాక్ 'సైకో' సినిమాకు మూలమైన అసలు హంతకుడు ఎడ్ గీన్ సంగతీ అంతే. సినిమాలోలాగా మోటెల్ లేదు, షవర్ లేదు. విస్కాన్సిన్‌లో పాడుబడ్డ పొలం ఇంట్లో ఒంటరిగా బతికిన మనిషి. మిగతాదంతా రాసినవాళ్ల పనితనం, అది వేరే లేఖ.

ఇంకో మాట, ఇదే నాకు ముఖ్యం. బాంగ్ సినిమాలో ఒక స్కూలు పిల్ల వీపు మీది గాయానికి డిటెక్టివ్ బ్యాండ్-ఎయిడ్ వేస్తాడు. ఆ తర్వాత ఒక శవం మీద అదే బ్యాండ్-ఎయిడ్ కనిపిస్తుంది. ఆ పిల్ల ఎవరో మనకు ముందే తెలుసు కాబట్టి కడుపులో దేవినట్టవుతుంది. నీ స్క్రిప్టులో ఐదుగురు చచ్చిపోతారు, ఒక్కరికీ పేరు లేదు. 47వ పేజీలో 'బాధితురాలు 3' అని ఉంది. ఆమెకు పేరు పెట్టు. ఆ రోజు ఏం పని మీద బయల్దేరిందో, ఇంట్లో ఎవరితో గొడవపడి వచ్చిందో రాయి. ఆ ఐదుగురివీ రాశాక సర్జన్‌కి ఎన్ని పేజీలు మిగిల్తే అన్నే ఇవ్వు.

రెండో డ్రాఫ్ట్ ప్రింట్ తీసి పంపు, ఫోన్లో చదవడం నా వల్ల కావట్లేదు.

ఉంటాను,
మీ అన్న