వరద రాకముందే సంఘం రాసుకోవలసిన నోటుపుస్తకం

గుంటూరు దగ్గర మీది చిన్న క్రైస్తవ సంఘమని, వరదలు రాకముందే ఇరుగుపొరుగున ఉన్న వృద్ధులకు, నడవలేని వారికి ఏం చేయగలరని అడిగారు. విజయవాడ సింగ్ నగర్‌లో మాదీ అలాంటి సంఘమే కనుక, 2024లో మేము ఎక్కడ తప్పామో చెబుతాను.

ఆ సెప్టెంబరు 1 ఆదివారం. వానకు రోడ్లు మునగడం మాకు అలవాటే కానీ, బుడమేరు వాగు మళ్లింపు కాలువ గట్టుకు పడిన గండ్ల నుంచి వచ్చిన నీరు మాత్రం గంటగంటకూ పెరుగుతూనే పోయింది. తరువాత బియ్యం, దుప్పట్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. మా వెనక వీధిలో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయన కింది గదిలో ఉంటారన్న సంగతి నాకు తెలిసీ, ఆ ఉదయం గుర్తుకు రాలేదు. పై వాటాలోని ఇద్దరు ముస్లిం కుర్రాళ్లు, మెట్ల మలుపులో మంచం తిరగకపోవడంతో, ఆయనను దుప్పటిలో ఉయ్యాలలా కట్టి పైకి చేర్చారు.

అందుకే ఇప్పుడు మేము ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. కానుకగా పిడికెడు బియ్యం పోగుచేయడానికి ఇంటింటికీ తిరిగే మా సంఘపు స్త్రీల సమాజం వారికి తెలియని గడప ఉండదు కాబట్టి ఆ పని వారికే అప్పగించాం. కింద ఎవరు పడుకుంటారు, ఎవరు ఏ మందులు వాడతారు, ఎవరిని ఏ ఇంటి మేడ మీదికి చేర్చాలి, మోసే ఇద్దరు ఎవరు, వారు ఊళ్లో లేకపోతే మూడోవారెవరు అన్నవి ఆ ఇంటివారి సమ్మతితోనే రాస్తాం. మేడ ఇచ్చే యజమానిని ఎండాకాలంలోనే అడిగి ఒప్పించాలి. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాక అడిగితే మొహమాటాలు, అనుమానాలు తప్పవు. మీ ప్రార్థన మందిరమే పల్లంలో ఉంటే దాన్ని ఆశ్రయంగా లెక్కలోకి తీసుకోకండి. మాది అలాంటిదే.

ఆధార్, పింఛను కాగితాలను ప్లాస్టిక్ కవరులో పెట్టించండి. కరెంటు పోయినా పనిచేసేలా ప్రార్థన మందిరం మైకుకు బ్యాటరీ కొనండి. పుస్తకం నకలు ఒకటి వార్డు సచివాలయంలో ఇచ్చి, లోపలి అట్ట మీద అత్యవసర సహాయానికి 112 నంబరు రాయండి. ఈ పని మీద వెళ్లినప్పుడు సువార్త కరపత్రాలు తీసుకెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం. మా పుస్తకంలో ఉన్నవారిలో సగానికి పైగా మా సంఘస్థులు కారు.

మా వీధుల్లో అద్దెవాళ్లు తరచూ మారుతుంటారు కనుక, ఏటా మే నెలలో మళ్లీ తిరిగి సరిచూసుకుంటాం. పేర్లన్నీ పెన్సిలుతోనే రాస్తాం.