మడి నీళ్ల బూజుకు ఒంటి వేడి అడ్డు కాదా?

ప్రశ్న: మాకు సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి ఉంది. పోయిన వానాకాలంలో కలుపు తీస్తుండగా వరి ఆకు కొన మా నాన్న కంట్లో గీసుకుంటే, మడి నీళ్లతోనే కడుక్కున్నాడు. కొద్ది రోజులకు కన్ను ఎర్రబడి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచింది. మొదట ఫంగస్ అని చుక్కల మందు రాసిచ్చారు, తగ్గలేదు. తర్వాత పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి ‘పిథియం’ అన్నారు. నీళ్లలో బతికే బూజు ఒంటి వేడిలో ఎట్లా బతుకుతుంది? కాపడం పెడితే చావదా?
– ఒక పాఠకుడు, హాలియా, నల్లగొండ జిల్లా

జవాబు: చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి: కాపడం పెట్టవద్దు. పిథియం ఇన్సిడియోసమ్ అనే ఈ జీవి 34 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది గాజులాంటి పొర, నిత్యం గాలి తగులుతూ ఉండడం వల్ల ఒంటి వేడి కన్నా కాస్త చల్లగా, సుమారు 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ బూజును చంపేంత వేడి పెడితే దాని కన్నా ముందు దెబ్బతినేది కన్నే.

మధ్యాహ్నం మడిలో చెయ్యి పెడితే నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి కదా. వెచ్చదనం దీనికి కొత్తేమీ కాదు. అయితే ఒంట్లో చేరాక అది ఊరికే వేడిని ఓర్చుకుని ఊరుకోదు, తన పని తీరునే మార్చుకుంటుంది. ఏ జీవిలోనైనా జన్యువులన్నీ ఎప్పుడూ ఒకే మోతాదులో పనిచేయవు; ఏ జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ (జన్యువులోని సమాచారపు నకలు), దాని నుంచి ఎంత ప్రొటీన్ తయారుకావాలన్నది పరిసరాలను బట్టి మారుతుంది. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. థాయిలాండ్ శాస్త్రవేత్తలు ఈ బూజును 28 డిగ్రీల దగ్గర, 37 డిగ్రీల దగ్గర విడివిడిగా పెంచి పోల్చినప్పుడు, ‘ఎలి025’ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు ఒంటి వేడి దగ్గర ఎక్కువ చురుకుగా ఉన్నట్టు తేలింది. బూజు బయటికి వదిలే ఈ ప్రొటీన్ మన రక్తంలో రోగక్రిములను పట్టుకునే యాంటీబాడీలకు చిక్కకుండా తప్పించుకోగలదు. అయినా రోగమంతా ఈ ఒక్క ప్రొటీన్ పనే అనుకోవడం తొందరపాటు.

ఎలి025 ఎలిసిటిన్ల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలోని ప్రొటీన్లకు స్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకునే గుణం ఉంటుంది. పిథియం స్టెరాల్‌ను సొంతంగా తయారుచేసుకోలేదు కాబట్టి బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. మీ నాన్నగారికి మొదటి మందు పనిచేయకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. నాటమైసిన్ వంటి ఫంగస్ మందులు ఫంగస్ కణపు పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే ఒక రకం స్టెరాల్‌ను పట్టుకుని పనిచేస్తాయి. పిథియంలో అది లేదు. చూపుకు బూజులా కనిపించినా ఇది నిజమైన ఫంగస్ కాదు, గోధుమ రంగు సముద్రపు నాచులకు దూరపు చుట్టం. అందుకే ఇప్పుడు వైద్యులు బ్యాక్టీరియా మీద వాడే లినెజోలిడ్, అజిత్రోమైసిన్ మందులను వాడుతున్నారు. అవసరమైతే కార్నియా మార్పిడి కూడా చేస్తారు.

చలికి స్పందించే చుట్టాలూ దీనికి ఉన్నాయి. 1845లో ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంటను నాశనం చేసిన ఫైటోఫ్తొరా, చల్లబడితేనే ఈదే బీజాలను విడుదల చేస్తుంది: చలికి కణపు పొర బిరుసెక్కడమే ఆ పనికి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. పిథియంకు మాత్రం వెచ్చని నీళ్లే అనువు. ప్రయోగశాలలో దీన్ని గుర్తించే ఒక పద్ధతిలో, ఉడికించిన గడ్డి ఆకు ముక్క మీద బూజును పాకనిచ్చి, ఆ ముక్కను నీళ్లలో వేసి ఒంటి వేడికి దగ్గరి ఉష్ణోగ్రతలో ఉంచుతారు. కొన్ని గంటలు గడిచాక సూక్ష్మదర్శినిలో చూస్తే, పోగుల చివర బుడగలు ఉబ్బి పగిలి, రెండేసి తోకలున్న బీజాలు ఈదుకుంటూ బయటికి వస్తుంటాయి. మడిలోనైతే అవి ఇలాగే ఈదుతూ వెళ్లి ఆకులకు, పశువుల వెంట్రుకలకు అతుక్కుంటాయి.