ఫ్యాక్టరీ చేతులు మారుతోంది, అందరితో రాజీనామా రాయించమంటున్నారు. రాయించాలా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా అకౌంట్స్, ఆఫీసు పనులు చూస్తున్నాను. మాది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. పర్మినెంట్ స్టాఫ్ 38 మంది, తోతాపురి సీజన్లో ఇంకో రెండు వందల మంది దాకా వస్తారు. ఓనర్లు ఫ్యాక్టరీని కృష్ణగిరి కంపెనీ ఒకదానికి అమ్మేస్తున్నారు, ఏప్రిల్ 1 నుంచి వాళ్లదే. కొనేవాళ్ల ఆడిటరు మార్చి 31 తేదీతో అందరి దగ్గరా రాజీనామా లెటర్లు తీసుకోమన్నారు, ఏప్రిల్ 1న ఆరు నెలల ప్రొబేషన్‌తో కొత్త అపాయింట్‌మెంట్ లెటర్లు ఇస్తారట. మా సారు "అదంతా ఫార్మాలిటీ" అంటున్నారు. తొమ్మిది మంది ఇప్పటికే సంతకం పెట్టేశారు. పేపర్లు తయారు చేయాల్సింది నేనే, నా బేసిక్, డీఏ కలిపి 15,600. ఇది చట్టప్రకారం సరైనదేనా? కాకపోతే ఏ పేపర్లు తయారు చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: రాయించకండి. మిగతా 29 మంది దగ్గర సంతకాలు తీసుకోవడం ఈరోజే ఆపేయండి. ఆ తొమ్మిది లెటర్ల సంగతి తర్వాత చెబుతాను, ముందు ఎందుకు ఆపమంటున్నానో అర్థం చేసుకుంటే మీ సారుకు మీరే చెప్పగలరు.

మీది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కాబట్టి అమ్మకం జరిగితే యజమానే మారిపోతారు. ఇదే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయి, కృష్ణగిరి వాళ్లు షేర్లు మాత్రమే కొని ఉంటే మీ యజమాని ఆ కంపెనీయే, నిన్నా అదే, రేపూ అదే, డైరెక్టర్లు మారారంతే. అప్పుడు ఒక్కరికి కూడా కొత్త లెటర్ ఇవ్వాల్సిన పని ఉండేది కాదు. ఈ తేడా చూడకుండానే చాలామంది ఆడిటర్లు అన్నిటికీ ఒకే ఫార్మాట్ పంపేస్తుంటారు, అక్కడే మనవాళ్లు నష్టపోతున్నారు.

యజమాని మారినప్పుడు ఏం చేయాలో చట్టం ఎప్పుడో చెప్పేసింది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-ఎఫ్ఎఫ్ సెక్షన్ అని ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అదే విషయం 73వ సెక్షన్‌గా వచ్చింది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి, అంటే గడిచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేసినవాడికి, ఫ్యాక్టరీ చేతులు మారితే ఉద్యోగంలోంచి తీసేసినట్టే లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి: ఒక నెల నోటీసు లేదా నెల జీతం, దానిమీద ఏడాదికి 15 రోజుల సగటు జీతం. ఇది ఇవ్వాల్సింది పాత యజమాని. ఇవ్వక్కర్లేని పరిస్థితి ఒక్కటే ఉంది. సర్వీసుకు మధ్యలో విరామం రాకూడదు, కొత్త షరతులు పాతవాటికంటే తక్కువగా ఉండకూడదు, రేపు కొత్తాయన తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత చట్టప్రకారం ఆయన మీద ఉండాలి. ఈ మూడూ ఉండాలి, రెండు ఉండి ఒకటి లేకపోయినా పరిహారం కట్టాల్సిందే.

ఇప్పుడు కొనేవాళ్ల ఆడిటరు పంపిన ఫార్మాట్‌ను దీని పక్కన పెట్టి చూడండి. రాజీనామాతో సర్వీసు తెగిపోతుంది. ప్రొబేషన్ అంటే పర్మినెంట్ మనిషిని మళ్లీ కొత్తవాడిని చేయడం, అది కచ్చితంగా తక్కువ షరతే. కొత్త లెటర్లో పాత సర్వీసు మాటే లేదు కాబట్టి మూడోదీ లేదు. పైగా మనిషి తనంతట తానే మానేశానని రాసిచ్చాడు కనుక పరిహారం అడిగితే "నిన్నెవరు తీసేశారు" అంటారు. మీ విషయమే చూసుకుంటే పదకొండేళ్లకు 165 రోజుల జీతం, నోటీసు నెల కాక. ఒక్క కాగితంతో అది పోతుంది. దీన్ని ఫార్మాలిటీ అనడం చాలా తప్పు.

గ్రాట్యుటీలో, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే డబ్బులో, నష్టం ఇంకా లోతుగా ఉంటుంది, మీ స్టాఫ్‌కు ఇది అంకెలతో చెప్పండి. చివరి బేసిక్, డీఏను 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది గ్రాట్యుటీ వస్తుంది. మీకు 15,600 అంటే ఏడాదికి 9,000, పదకొండేళ్లకు 99,000. అయిదేళ్లు దాటాయి కాబట్టి రాజీనామా చేసినా ఈ డబ్బు మీకు రావాల్సిందే, 30 రోజుల్లోపు ఇవ్వాలి. అయితే ఇక్కడే సర్వీసు తెంచేసి, ఇంకో తొమ్మిదేళ్లకు మీ బేసిక్ 26,000 అయ్యాక మీరు మానేశారనుకోండి, అప్పుడు ఏడాదికి 15,000 చొప్పున తొమ్మిదేళ్లకే 1,35,000 ఇస్తారు, ఇప్పటి 99,000తో కలిపి 2,34,000. సర్వీసు కలిసి ఉంటే ఇరవై ఏళ్లకూ 15,000 చొప్పున 3,00,000 వచ్చేది. ఇక మూడేళ్లు, నాలుగేళ్ల సర్వీసు ఉన్న కుర్రాళ్లకు రాజీనామా చేస్తే గ్రాట్యుటీ ఒక్క రూపాయి రాదు, అక్కడ మళ్లీ సున్నా నుంచి అయిదేళ్లు. వాళ్లకు ఈ విషయం చెప్పేవాళ్లు కూడా ఉండరు, దయచేసి మీరు చెప్పండి.

అలాగని కొత్త కంపెనీ అందరినీ తీసుకుని తీరాలనీ లేదు. దీనిమీద సుప్రీంకోర్టు 1960లలోనే తేల్చింది, అది మన అనకాపల్లి చక్కెర మిల్లు కేసే. మిల్లును రైతుల సహకార సంఘం కొన్నప్పుడు పాత కార్మికుల్లో కొందరిని తీసుకోలేదు, వాళ్లు కోర్టుకు వెళ్లారు. కొన్నవాళ్లు తీసుకోవాలని బలవంతం లేదు, కార్మికుడికి ఉన్న హక్కు పాత యజమాని నుంచి పరిహారం అని కోర్టు చెప్పింది. ఇటువైపు నుంచీ అంతే, కొత్త యజమాని దగ్గర చేయనన్న మనిషిని బలవంతంగా పంపలేరు, అతని సమ్మతి కావాలి, సమ్మతించకపోతే పరిహారం ఇచ్చి పంపాలి. 2011లో కలకత్తా ఫ్యాక్టరీ ఒకటి అమ్మిన కేసులో ఆ మాట కూడా స్పష్టంగా వచ్చింది. కాబట్టి మీ 38 మందిలో ఎవరైనా "నేను రాను" అంటే వాళ్లతో గొడవపడకండి, వాళ్లకు సెటిల్‌మెంట్ లెక్క వేసి సారు ముందు పెట్టండి. జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది.

ఇప్పుడు మీరు తయారు చేయాల్సిన పేపర్ల సంగతి. అన్నిటికంటే ముందు ఒక పెద్ద పట్టిక కావాలి, మిగతా పేపర్లన్నీ దాంట్లోంచే వస్తాయి. ఒక్కో మనిషికి పేరు ఆధార్‌లో ఉన్నట్టుగా, చేరిన తేదీ, చేసే పని, బేసిక్, డీఏ, ఇతర అలవెన్సులు, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు), ఈఎస్ఐ ఉంటే ఆ నంబరు, మిగిలిన సెలవులు, తీసుకున్న అడ్వాన్సు, ఇవ్వాల్సిన బోనస్. చేరిన తేదీ దగ్గరే ఎక్కువ తంటా వస్తుంది, చాలా ఫ్యాక్టరీల్లో మనిషి 2012లో చేరితే పీఎఫ్ 2015లో మొదలుపెట్టి ఉంటారు, పీఎఫ్ తేదీనే చేరిన తేదీగా ఎక్కించేస్తే మూడేళ్లు గాలిలో కలుస్తాయి. పాత హాజరు పట్టీలు, జీతాల రిజిస్టర్లు తీసి చూడండి. పట్టిక పూర్తయ్యాక ఎవరి వరుస వాళ్లకు చూపించి సంతకం తీసుకోండి. ఈ పట్టికను అమ్మకం ఒప్పందానికి అనుబంధంగా జతచేయించాలి, అప్పుడే రేపు కృష్ణగిరి వాళ్లు "ఈయన సర్వీసు మాకు తెలియదు" అనలేరు.

తర్వాత రాజీనామా బదులు ఇచ్చే లెటర్. దాన్ని ఇద్దరు యజమానులూ సంతకం చేసి ఇవ్వాలి, కింద ఉద్యోగి సమ్మతి సంతకం. మాటలు ఇలా ఉంటే చాలు: "మీరు ఫలానా తేదీ నుంచి ఈ ఫర్మ్‌లో పనిచేస్తున్నారు. ఫ్యాక్టరీ ఏప్రిల్ 1 నుంచి ఫలానా కంపెనీకి బదిలీ అవుతోంది, ఆ రోజు నుంచి మీరు ఆ కంపెనీ ఉద్యోగి. మీ సర్వీసుకు విరామం లేదు, పాత సర్వీసు మొత్తం గ్రాట్యుటీకి, సెలవులకు, తొలగింపు పరిహారానికి లెక్కలోకి వస్తుంది. మీ జీతం, ఇతర షరతులు ఇప్పుడున్నవాటి కంటే తగ్గవు. ఈ బాధ్యతలన్నీ కొత్త కంపెనీ స్వీకరిస్తోంది." కృష్ణగిరి నుంచి వచ్చేది ఇంగ్లిష్‌లోనో తమిళంలోనో ఉంటుంది, దానితోపాటు తెలుగు కాపీ తప్పకుండా ఇవ్వండి. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి ఏం సంతకం పెడుతున్నాడో చదువుకోగలగాలి కదా.

కొత్త కంపెనీ తన పద్ధతి ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఇస్తామంటే ఇవ్వనివ్వండి, ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఉండాలని కొత్త కోడ్లే చెబుతున్నాయి, మీ దగ్గర సగం మందికి ఇప్పటిదాకా అది లేకపోయినా నేను ఆశ్చర్యపోను. కాకపోతే అందులో మూడు చోట్ల కళ్లు పెట్టి చదవండి. ప్రొబేషన్ అని గానీ, ఏడాది కాంట్రాక్ట్ అని గానీ ఉందా, కృష్ణగిరి ప్లాంటుకు ఎప్పుడైనా మార్చవచ్చు అని రాశారా, మొత్తం జీతం అంతే ఉంచి బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచారా. చివరిది మరీ గమనించండి. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగం వేతనంగానే లెక్కించాలని ఇప్పుడు చట్టం ఉంది, అయినా లెటర్లోనే సరిగ్గా రాయించుకుంటే రేపు వాదన ఉండదు.

పీఎఫ్ విషయంలో పాత ఫర్మ్ పీఎఫ్ కోడ్ నంబరు కింద మార్చి 31న ఎగ్జిట్ తేదీ, కొత్త కంపెనీ పీఎఫ్ కోడ్ నంబరు కింద ఏప్రిల్ 1న చేరిక, యూఏఎన్ మాత్రం పాతదే. రెండు తేదీలు ఒకదానిమీద ఒకటి పడితే ట్రాన్స్‌ఫర్ దగ్గర ఇబ్బంది వస్తుంది. ఎవరినీ డబ్బు తీసుకోనివ్వకండి, ట్రాన్స్‌ఫర్ పెట్టించండి, పదేళ్ల పింఛను సర్వీసు అలాగే నిలబడుతుంది. ఈ లోపల అందరినీ ఫోన్లో పాస్‌బుక్ చూసుకోమనండి, చలానా కట్టని నెలలు ఉంటే ఇప్పుడే బయటపడాలి. బదిలీ తేదీ దాకా ఉన్న పీఎఫ్ బాకీకి పాత, కొత్త యజమానులిద్దరూ బాధ్యులే, కొన్నవాళ్ల బాధ్యత వాళ్లకు వచ్చిన ఆస్తి విలువ మేరకు ఉంటుంది. ఈ ఒక్క మాట కృష్ణగిరి ఆడిటరుకు చెప్పండి, మీకంటే ముందు ఆయనే లెక్కలు అడుగుతాడు.

బోనస్ గురించి కూడా ఒక మాట. కొత్తగా పెట్టిన సంస్థలకు మొదటి అయిదేళ్లు లాభం రాని ఏడాది బోనస్ నుంచి మినహాయింపు ఉంది, కొన్నవాళ్లు దాన్ని వాడుకోవాలని చూస్తారు. యజమాని మారినంత మాత్రాన, పేరు మారినంత మాత్రాన అది కొత్త సంస్థ కాదని చట్టంలోనే రాసి ఉంది.

సీజన్ మనుషుల గురించి మీరు అడగలేదు, కానీ వాళ్లని వదిలేయకండి. 240 రోజులు ఉండవు కాబట్టి పైన చెప్పిన పరిహారం వాళ్లకు సాధారణంగా రాదు. గ్రాట్యుటీ మాత్రం ఉంది: ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో 75 శాతం పనిచేస్తే ఆ సీజన్ లెక్కలోకి వస్తుంది, సీజనుకు ఏడు రోజుల వేతనం చొప్పున. పదేళ్లుగా ప్రతి జూన్లో వచ్చే ఆడవాళ్లు మీ దగ్గర ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు, వచ్చిన సీజన్లు విడిగా ఒక జాబితా రాసి అదీ ఒప్పందానికి జతచేయించండి, హాజరు పట్టీలు పాత ఓనర్ల ఇంటికి వెళ్లిపోయాక ఆ లెక్క తీసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ తొమ్మిది మంది విషయానికి వస్తే, వాళ్ల రాజీనామా మార్చి 31 నుంచి అమలు కావాలి కాబట్టి అంతకుముందే వెనక్కి తీసుకోవచ్చు. ఒక్కొక్కరూ తమ చేతిరాతతో "ఫ్యాక్టరీ బదిలీ కోసమని చెబితే సంతకం చేశాను, ఉద్యోగం మానే ఉద్దేశం నాకు లేదు, ఆ రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోవాలి. ఆఫీసులో తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఓనర్లు ఇంకా మొండికేస్తే చిత్తూరులో కార్మిక శాఖ అధికారికి అందరూ కలిసి అర్జీ ఇవ్వండి, మార్చి 31 లోపే ఇవ్వండి.

ఇక మీ సొంత లెటర్. అకౌంట్స్ చూసే గుమాస్తా పని కూడా కార్మికుడి నిర్వచనంలోకే వస్తుంది, జీతం ఎంతైనా సరే, లెటర్లో "ఆఫీస్ మేనేజర్" అని రాసినంత మాత్రాన పోదు, నిజంగా చేసే పనేమిటో చూస్తారు. అందుకని మీ పేరు కూడా ఆ పట్టికలో 38 మందిలో ఒకరిగా ఉండాలి, మీ బదిలీ లెటర్ మీద ఫర్మ్ తరఫున మీరు సంతకం పెట్టకుండా పార్ట్‌నరు చేతే పెట్టించుకోండి.