వాలీ: కురిసేదా, ఎగిరేదా?

సందేహం: ఇంగ్లీషు పేపర్లో వాలీ ఆఫ్ క్వశ్చన్స్ అని చదివాను, టెన్నిస్ కామెంటరీలో ఎంత మంచి వాలీ అంటుంటారు, మా ఊళ్ళో వాలీబాల్ ఎలాగూ ఉంది. ఈ మూడూ ఒకటే మాటా? పోలీసుల కాల్పుల గురించి అనువాదం చేస్తూ దీనికి "తూటాల పరంపర" అని రాస్తే మా ఎడిటర్ గారు కొట్టేశారు. తప్పేంటి?

సమాధానం: మూడూ ఒకటే మాటండీ. లాటిన్లో వొలారే అంటే ఎగరడం, అది ఫ్రెంచిలో వొలే అయ్యి, పదహారో శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగింది. పెట్రోల్ లాంటివి ఇట్టే ఆవిరైపోతాయి కాబట్టి వోలటైల్ అంటారు చూడండి, అదీ ఈ ఇంటిదే. మన "వాలు"తో మాత్రం ఏ చుట్టరికమూ లేదు, పైగా తమాషా ఏంటంటే మన పిట్ట కొమ్మ మీద వాలిందంటే ఎగరడం ఆపేసిందనే కదా, వాళ్ళ ఆటల్లో వాలీ ఏమో బంతి కింద వాలకముందే కొట్టాల్సింది.

ముందు తుపాకుల సంగతి, మీ గొడవంతా అక్కడే ఉంది కాబట్టి. పాతకాలం మస్కెట్ తుపాకులకి గురి తక్కువ, వంద గజాలు దాటితే తగిలితే తగిలినట్టు, అందుకే సైనికుల్ని వరసగా నిలబెట్టి ఒక్క ఆర్డరుతో అందరిచేతా ఒకేసారి కాల్పించేవాళ్ళు, ఎవడిదో ఒకడిది తగలకపోదు అని. ఆ ఒక్క విడతే వాలీ. అంటే ఇందులో ప్రాణం "ఒకేసారి" అన్నదాంట్లో ఉంది. మరి పరంపర అంటే? గురుశిష్య పరంపర అంటాం, ఒకరి వెనక ఒకరు. అందుకని మీ ఎడిటర్ గారు కొట్టేయడం న్యాయమే. "ఒక్కుమ్మడిగా కాల్పులు జరిపారు" అనండి, ఇంతకంటే మంచి మాట నాకైతే దొరకలేదు. ఒక్కపెట్టున అన్నా సరిపోతుంది. తూటాల వర్షం అని చాలామంది రాస్తారు కానీ ఒక్కడే ఏకే-47 పట్టుకుని ఎడాపెడా కాల్చినా తూటాల వర్షమే అంటాం, అది వాలీ కాదు.

మీరు టీవీలో చూసే ఉంటారు, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగేటప్పుడు పోలీసులు వరసగా నిలబడి గాల్లోకి మూడుసార్లు కాలుస్తారు, మనవాళ్ళు మూడు రౌండ్లు అని చెప్తారు, ఆ ఒక్కో రౌండూ ఒక్కో వాలీ అన్నమాట. జనవరి 26న పేలే ఇరవై ఒక్క ఫిరంగి మోతల వందనం వేరు, అక్కడ ఒకదాని తర్వాత ఒకటి లెక్కపెట్టి పేలుస్తారు, కాబట్టి దాన్ని పరంపర అన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక ప్రశ్నలకొస్తే కథ తిరగబడుతుంది. ఎంత ప్రెస్‌మీట్ అయినా పది ప్రశ్నలు ఒకే క్షణంలో పడవు, ఊపిరి తీసుకోనివ్వకుండా వరసగా పడతాయి, కాబట్టి ఇక్కడ ప్రశ్నల పరంపర చక్కగా అతుకుతుంది. ప్రశ్నల వర్షం తప్పని కాదు గానీ పేపర్లు దాన్ని రోజూ కురిపించి కురిపించి అరగదీసేశాయి. తిట్లకైతే మనకి ఇంకా గొప్ప మాట ఉంది, తిట్ల దండకం. దండకం అంటే పద్యంలాగా నాలుగు పాదాలకి ఆగకుండా ఏకబిగిన సాగిపోయే రచన కదా, ఇంగ్లీషువాడి వాలీ ఆఫ్ అబ్యూజ్ కంటే మనదే బాగుందని నేనంటే మీరు కాదంటారా!

ఆటల్లో "ఒకేసారి" అన్నది లేదు, "గాల్లో ఉండగానే" అన్నదే మిగిలింది. టెన్నిస్‌లో బంతి మన వైపు నేలని తాకకముందే కొడితే వాలీ, తాకి లేచీ లేవగానే కొడితే హాఫ్ వాలీ. చాలామంది ర్యాలీకీ దీనికీ తికమక పడతారు, ర్యాలీ అంటే ఇటూ అటూ సాగే మొత్తం ఆట, వాలీ అంటే ఒక్క షాట్. ఫుట్‌బాల్‌లోనూ అంతే, 2002 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో జిదాన్ పైనుంచి దిగుతున్న బంతిని ఎడమకాలితో గాల్లోనే తన్ని గోల్ చేశాడు చూడండి, వాలీ అంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది. క్రికెట్‌లో హాఫ్ వాలీ అంటే మాత్రం బ్యాటు ముందు పిచ్ అయ్యి డ్రైవ్ చేయమని పిలిచే బంతి, అది కొట్టేవాడి గొప్ప కాదు, వేసినవాడి పొరపాటు. ఈమధ్య హైదరాబాద్‌లో కూడా ఆడుతున్న పికిల్‌బాల్‌లో నెట్‌కి అటూ ఇటూ ఏడేసి అడుగుల జాగా ఉంటుంది, అందులో నిలబడి వాలీ కొట్టకూడదు, ఆ జాగాని కిచెన్ అంటారు, పికిల్‌కీ కిచెన్‌కీ జత కుదిరిందని మా ఇంట్లో నవ్వుకున్నాం.

వాలీబాల్ సంగతి చెప్పలేదు కదూ. 1895లో అమెరికాలోని హోల్యోక్ అనే ఊళ్ళో వైఎంసీఏలో పనిచేసే విలియం మోర్గాన్ దీన్ని కనిపెట్టి మింటొనెట్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాతి ఏడాది ఆట చూసిన హాల్‌స్టెడ్ అనే ఆయన, బంతిని నెట్ మీంచి ఇటూ అటూ వాలీ చేస్తున్నారు కదా, ఆ పేరే పెట్టెయ్యండి అన్నాడట. మొదట్లో రెండు మాటలుగా విడగొట్టి రాసేవాళ్ళు. మనం కలిపే రాద్దాం, కాకపోతే "వ్యాలీబాల్" అని మాత్రం రాయకండి, వ్యాలీ అంటే లోయ.