ఉద్యోగం ఇంటికే వచ్చింది నిజమే, కాకపోతే ఏడేళ్లకు

మీరు అడిగింది: “మా కాలంలో డిగ్రీ చేతిలో ఉంటే చాలు, ఉద్యోగం ఇంటికే వచ్చేది అని నాన్న రోజూ అంటారు. నిజంగా అంత తేలిగ్గా ఉండేదా?”

మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు కానీ మా నాన్న ఉద్యోగం నిజంగానే ఇంటికి వచ్చింది, పోస్టులో. దానికి ఏడేళ్లు పట్టింది.

మాది బందరు పక్కన ఒక పల్లెటూరు. నాన్న 1968లో డిగ్రీ పూర్తి చేసి, ఆ వారంలోనే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో, పేరు రాయించుకున్నారు. అప్పుడు అందరూ చేసే మొదటి పని అదే. 1959లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ ఆఫీసులు, ఓ మోస్తరు పెద్ద ప్రైవేటు సంస్థలు తమ దగ్గరున్న ఖాళీలను ఎక్స్ఛేంజ్‌కి తెలియజేయాల్సి ఉండేది. వాళ్లు రిజిస్టరు తీసి, సీనియారిటీ చూసి కొన్ని పేర్లు పంపేవాళ్లు. అందులో మీ పేరుంటే కాల్ లెటర్ వస్తుంది, లేకపోతే లేదు. ఈలోపు అభ్యర్థి చేయాల్సింది ఒక్కటే, కార్డు రెన్యువల్. మూడేళ్లకోసారి వెళ్లి ముద్ర వేయించుకోకపోతే సీనియారిటీ పోయి లైను చివరికి వెళ్లిపోతారు. నాన్న స్నేహితుడొకాయన చెల్లెలి పెళ్లి హడావుడిలో ఆ తేదీ మర్చిపోయారు. ఇక ఓపిక లేక సైకిల్ షాపు పెట్టుకున్నారు. నాన్న ఇప్పటికీ దాన్ని “రెన్యువల్ షాపు” అనే అంటారు.

ఆ ఏడేళ్లూ నాన్న ఖాళీగా కూర్చోలేదు. రైస్ మిల్లులో లెక్కలు రాశారు, పిల్లలకు ట్యూషన్లు చెప్పారు, టైపు పరీక్షలు లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యారు. షార్ట్‌హ్యాండ్ మాత్రం సగంలో వదిలేశారు. మధ్యలో 1972లో, తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, వెంటనే ఆంధ్రను వేరే రాష్ట్రం చేయాలంటూ జై ఆంధ్ర ఉద్యమం, ఎన్జీవోల (ప్రభుత్వ ఉద్యోగుల) సమ్మె. ఆఫీసులే నడవకపోతే కాల్ లెటర్లు ఎవరు పంపుతారు? పోస్టుమాన్ సందు మలుపులోంచే “ఇవాళ కూడా లేదు బాబూ” అని కేకేసేవాడట. ఊరంతటికీ వినపడేది. 1975లో ఇరిగేషన్ ఆఫీసులో టెంపరరీ ఎల్డీసీగా (గుమాస్తాగా) తీసుకున్నారు. పర్మినెంట్ కావడానికి ఇంకో నాలుగేళ్లు. ఈలోగా పెళ్లయింది, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది, 1977లో, నేను పుట్టాను.

ఈ కథ చెప్పేటప్పుడు ఆయన ఏడేళ్లనీ ఒక్క ముక్కలో దాటేస్తారు. కాల్ లెటర్ వచ్చిన రోజు గురించి మాత్రం గంటసేపు చెబుతారు. మీ నాన్నగారిని కూడా మధ్యలో ఆపి, “డిగ్రీ ఏ ఏడాది, ఉద్యోగం ఏ ఏడాది?” అని అడిగి చూడండి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ లైనులో తను ఎక్కడున్నాడో మా నాన్నకు సుమారుగా తెలుసు. పైగా లైను చిన్నది. మా ఊళ్లో డిగ్రీ పాసైనవాళ్లలో ఆయన మూడోవాడు. మా అమ్మ పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆమెను ఎక్స్ఛేంజ్‌కి తీసుకెళ్లాలన్న ఆలోచన ఇంట్లో ఒక్కరికీ రాలేదు. “మా కాలంలో” అన్నప్పుడు అది ఎవరి కాలమో కూడా చూసుకోవాలి కదా.

నేను 1998లో బీకాం అయ్యాను. అప్పటికి పద్ధతి మారిపోయింది. 1996లో మా కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులోనే సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లతో సరిపెట్టకూడదు, పేపర్లలో ప్రకటన ఇచ్చి దరఖాస్తు చేసుకున్న అందరినీ పరిశీలించాలి అంది. న్యాయమే. దాంతో పాటే కార్డు విలువా పడిపోయింది. నాన్న మాత్రం పట్టుబట్టి నాకూ కార్డు తీయించారు. దాని మీద ఒక్క కాల్ లెటరూ రాలేదు. టైపు కూడా నేర్పించారు, అప్పుడు బాగా విసుక్కున్నాను.

మరుసటి ఏడాది అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో చేరాను. గదికి ఆరుగురం. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద, కరెంటు స్తంభాల మీద కోర్సుల కాగితాలే. నా ముందు బ్యాచ్ వాళ్లు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, వైటూకే (2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం) పుణ్యమా అని అమెరికా వెళ్లిపోతున్నారు. బీకాం వాళ్లకు దారి చూపింది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికా డాక్టర్లు టేపులో చెప్పింది చెవిలో విని, కాలితో పెడల్ నొక్కుతూ టైపు చేయడం. మొదట ఒక సంస్థకు ట్రైనింగ్ కోసమని పదిహేను వేలు కట్టాను. రెండు నెలలకు వెళ్లి చూస్తే తాళం. నాన్నకు చెప్పడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

ఉద్యోగం దొరికింది హాస్టల్లో. మా గదిలో ఒకమ్మాయి వాకిన్‌కి (నేరుగా వెళ్లే ఇంటర్వ్యూకి) వెళ్లొచ్చి, “టెస్టులో స్పీడే చూస్తున్నారు, నువ్వు వెళ్లు” అంది. జిరాక్సు సెంటర్లో రెజ్యూమె ప్రింటు తీయించుకుని, ఫైలు పట్టుకుని బేగంపేట దాకా నడిచి వెళ్లాను. లోయర్, హయ్యర్ సర్టిఫికెట్లు అడిగిన దిక్కులేదు, వేళ్లు మాత్రం పనికొచ్చాయి. సాయంత్రానికి “సోమవారం రండి” అన్నారు. అప్పుడు వద్దన్నా మొహం మీదే అనేవాళ్లు, బయటికొచ్చి పక్క బిల్డింగుకి వెళ్లేవాళ్లం. తర్వాత మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ పని తగ్గిపోతే, రోగుల రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్‌కి మారాను.

మా అమ్మాయి 2023లో బీటెక్ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పూర్తి చేసింది. నాలుగో ఏడాది మొదట్లోనే క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది, వీధిలో స్వీట్లు కూడా పంచాం. జాయినింగ్ తేదీ మాత్రం రాలేదు. “త్వరలో తెలియజేస్తాం” అనే మెయిల్ మూడుసార్లు వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. పదకొండు నెలలు చూసి వేరేచోట్ల వెతకడం మొదలుపెట్టింది. ఒక షీట్‌లో రాసుకునేది: 214 దరఖాస్తులు. వాటిలో కాదని చెప్పినవి ముప్పయ్యో ఎన్నో, మిగతావి జవాబే లేదు. ఒక ఇంటర్వ్యూలో అవతల మనిషే లేడు. తెర మీద ప్రశ్న, పక్కన సెకన్లు, కెమెరా చూస్తూ ఒంటరిగా జవాబు చెప్పాలి. అది అయ్యాక బయటికొచ్చి “ఎలా చేశానో ఎవరిని అడగాలమ్మా?” అంది. నా దగ్గర జవాబు లేదు. గదిలో ఆరుగురం ఉన్న నాకు ఆ టెన్షన్ తెలియదు. నాన్నకి కనీసం పోస్టుమాన్ ఉన్నాడు.

ఆ రోజుల్లోనే లక్ష కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామని ఒక కన్సల్టెన్సీ ఫోన్ చేసింది. నా పదిహేను వేలు గుర్తొచ్చి ఫోన్ లాక్కుని పెట్టేశాను. మీకూ అలాంటివి వస్తాయి, కట్టకండి.

చివరికి దొరికింది ఎలాగంటే, నా పాత హాస్టల్ గదిలో ఉన్నామె వాళ్లబ్బాయి తన కంపెనీలో రిఫర్ చేశాడు. నాన్న వెంటనే “సిఫారసా?” అన్నారు కాస్త ముఖం చిట్లించి. ఆయన సర్వీసులో అది సిగ్గుపడే మాట. ఇప్పుడు దాన్ని రిఫరల్ అంటారు, చేసినవాడికి కంపెనీయే బోనస్ ఇస్తుంది అని చెబితే చాలాసేపు నమ్మలేదు.

వెతుకుతున్న రోజుల్లో మా అమ్మాయి పొద్దున్నే లేచి నౌకరీ వెబ్‌సైట్‌లోని తన ప్రొఫైల్లో ఏదో ఒక మాట మార్చి సేవ్ చేసేది. అలా చేస్తే రిక్రూటర్లకు మన పేరు పైన కనిపిస్తుందని వాళ్ల బ్యాచ్ నమ్మకం. నాన్న కళ్లజోడు సర్దుకుని చూసి, “అంటే రెన్యువలే కదటమ్మా. మాకు మూడేళ్లకోసారి, మీకు రోజూనా?” అన్నారు.

ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. “పర్మినెంటేనా?” అని తాతయ్య అడుగుతూనే ఉన్నారు. అది నవ్వి ఊరుకుంటుంది. ప్రొఫైల్ మార్చడం మాత్రం ఇంకా మానలేదు.