శిక్షణ తరగతులు పెట్టినా తుక్కు వేరుచేసే మహిళలు నిలవకపోతే

మీ రీసైక్లింగ్ యూనిట్‌లో సమానత్వంపై రెండుసార్లు తరగతులు నిర్వహించినా, తుక్కు వేరుచేసే మహిళలు మూడు నెలలకే మానేస్తున్నారని రాశారు. వారంతా కాంట్రాక్టరు మస్టరులో (హాజరు పట్టీలో) ఉండటం, మీ ఏర్పాట్లు మాత్రం కంపెనీ రోల్స్‌లో ఉన్నవారికే అందడం ఇందుకు ముఖ్య కారణమై ఉండవచ్చు.

1. ముందుగా లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీని పరిశీలించండి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఇది ఉండాలని, అధ్యక్షురాలితోపాటు కనీసం సగం మంది సభ్యులు మహిళలే కావాలని, ఒకరు బయటి వ్యక్తి కావాలని 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. చాలామంది వదిలేసేది ఇక్కడే: ఆ చట్టంలో ఉద్యోగి అంటే కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు, దినకూలీలు, అప్రెంటిస్‌లు కూడా. ఫిర్యాదు రాసుకోలేని మహిళకు రాయడంలో సాయపడే బాధ్యత కమిటీదే. కాబట్టి కమిటీ సభ్యులు స్వయంగా తుక్కు వేరుచేసే బెల్టు దగ్గరికి వెళ్లి, షిఫ్టు మారే వేళ, కార్మికులకు అర్థమయ్యే భాషలో, ఒడిశా నుంచి వచ్చినవారుంటే ఒడియాలోనే, ఈ హక్కును వివరించాలి. ఆఫీసు గోడమీది ఇంగ్లీషు నోటీసు వారికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

2. గ్లౌజులు చూడండి. పెద్ద సైజువి జారిపోకుండా మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని రేకుముక్కలు ఏరుతున్నారంటే, చేతులు తెగే ప్రమాదం ఉన్నట్టే. చిన్న సైజులు వెంటనే తెప్పించండి.

3. మరుగుదొడ్డి లారీలు తూచే కాటా అవతల ఉంటే, లారీల మధ్య నడవడానికి జంకి చాలామంది నీళ్లు తాగడమే మానుకుంటారు. దాన్ని షెడ్డు పక్కకు మార్చండి.

4. కాంట్రాక్టరుతో ఒప్పందం రెన్యువల్ చేసేటప్పుడు ఇవన్నీ షరతులుగా రాయించండి.