రెండు ఆటలు ఓడిన జట్టు విజేత ఎలా అయింది?

పాఠకుల ప్రశ్నలు – క్రీడా విభాగం జవాబులు

ప్రశ్న: మా మనవడు అమెరికాలోని కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. 2024 నవంబరు ఆఖరులో వాళ్ల ఫుట్‌బాల్ జట్టు మిషిగన్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడిపోయిందని రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. జనవరిలో అదే జట్టు దేశానికంతటికీ విజేత అయిందంటూ ఫోను చేసి, సంతోషం పట్టలేకపోయాడు. రెండు ఆటలు ఓడిన జట్టుకు ఆ గౌరవం ఎలా దక్కింది? ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఈ లెక్క మాత్రం నాకు కుదరలేదు.
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మీ వృత్తిలోని ఉదాహరణతోనే మొదలుపెడతాను. పది బళ్లకు పది వేర్వేరు ప్రశ్నపత్రాలిచ్చి, వచ్చిన మార్కులను పక్కపక్కన పెట్టి మొదటి ర్యాంకు ఎవరిదో తేల్చమంటే మీరు ఒప్పుకోరు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో (ఇది మనకు తెలిసిన కాలిబంతి కాదు, బంతిని చేత్తో పట్టుకుని, విసిరి ఆడే ఆట) ఎన్నో దశాబ్దాలుగా ఉన్న చిక్కు ఇదే. పై శ్రేణిలో 130కి పైగా జట్లున్నాయి. దెబ్బలు ఎక్కువగా తగిలే ఆట కావడంతో ఏ జట్టయినా వారానికి ఒకటి చొప్పున, ఆగస్టు ఆఖరు నుంచి నవంబరు ఆఖరు దాకా సాధారణంగా 12 ఆటలే ఆడగలదు. అవి కూడా ఎక్కువగా తన కాన్ఫరెన్సులోని, అంటే తన కూటమిలోని జట్లతోనే జరుగుతాయి. అందుచేత ఎన్ని గెలిచారన్న దానితో పాటు ఎవరిమీద గెలిచారన్నదీ చూడక తప్పదు.

ఒకప్పుడు పత్రికల వారి ఓట్లు, కోచ్‌ల ఓట్లే విజేతను తేల్చేవి. ఒక్కో ఏడాది ఇద్దరు విజేతలు కూడా వచ్చేవారు. 2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్, అంటే ఓడినవారు తప్పుకునే ఆఖరి పోటీ, వచ్చింది, 2024లో దాన్ని 12 జట్లకు పెంచారు. ఆ ఏడాది కాన్ఫరెన్సు విజేతలలో మెరుగైన అయిదు జట్లకు చోటు ఖాయం చేసి, మిగిలిన ఏడింటిని 13 మంది సభ్యుల కమిటీ ర్యాంకుల ప్రకారం తీసుకున్నారు. ఒహాయో స్టేట్‌కు కమిటీ ఇచ్చిన ఆఖరి ర్యాంకు ఆరు. పాత నాలుగు జట్ల పద్ధతే ఉండి ఉంటే మీ మనవడి జట్టుకు విజేత అయ్యే అవకాశమే ఉండేది కాదు.

ఇక ఆ రెండు ఓటముల సంగతి. అక్టోబరు 12న ఒరెగన్ గడ్డమీద 32–31తో ఓడారు. ఒక్క పాయింటు తేడా, పైగా ప్రత్యర్థి బలమైనది. నవంబరు 30 నాటి ఓటమి అలాంటిది కాదు. లక్షమందికి పైగా పట్టే సొంత స్టేడియంలో, అప్పటికి ఆరు గెలిచి అయిదు ఓడి, ర్యాంకులలోనే లేని మిషిగన్ చేతిలో 13–10తో ఓడారు. ఈ రెండు విశ్వవిద్యాలయాల పోటీ 1897లో మొదలైంది. మిషిగన్ చేతిలో వరుసగా నాలుగో ఏడాది ఓడడంతో కోచ్ రయన్ డేను తీసేయాలన్న మాట గట్టిగా వినిపించింది. అందుకే మీ మనవడి రెండు రోజుల మౌనం నాకు అతిగా తోచడం లేదు.

ఆ తరువాత ప్లేఆఫ్‌లో ఒక్క ఆట ఓడినా ఇంటిదారే. డిసెంబరు 21న టెనెసీని 42–17తో గెలిచారు. జనవరి 1న రోజ్ బౌల్ అనే ఆటలో ఎదురైంది అక్టోబరులో తమను ఓడించిన ఒరెగనే. అప్పటిదాకా ఓటమి ఎరుగని ఆ జట్టుమీద రెండో క్వార్టరులోనే, అంటే ఆట సగం కాకముందే, 34–0 ఆధిక్యం సాధించి, చివరకు 41–21తో గెలిచారు. జనవరి 10న టెక్సస్‌తో ఆట మాత్రం ఊపిరి బిగబట్టించింది. ఒహాయో స్టేట్ 21–14తో ముందుంది, టెక్సస్ జట్టు బంతితో దాటవలసిన గీతకు ఒక్క గజం దూరానికి వచ్చేసింది, సమం కావడం ఖాయమనిపించింది. కానీ ఒక ఎత్తులో, అంటే ముందుకు పోయే ఒక ప్రయత్నంలో, టెక్సస్ వారు ఏడు గజాలు వెనక్కి పోయారు. నాలుగో ఎత్తులో బంతి విసరబోతున్న టెక్సస్ ఆటగాడు క్విన్ యూయర్స్ చేతిని ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్ కొట్టి, జారిన బంతిని తానే అందుకుని 83 గజాలు పరుగెత్తి అవతలి గీత దాటించాడు (దీన్నే టచ్‌డౌన్ అంటారు). వాళ్లిద్దరూ ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లో ఒకే గదిలో ఉన్నవారు. జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌ను 34–23తో ఓడించి, మొత్తం 14 గెలిచి రెండు ఓడిన జట్టుగా విజేతలయ్యారు. నెల రోజులలో నాలుగు గట్టి జట్లను వరుసగా ఓడించిన వారికి ఆ పేరు న్యాయంగానే దక్కిందని నా అభిప్రాయం.

ప్రశ్న: ఈ ఆటగాళ్లు నిజంగా చదువుకునే విద్యార్థులేనా? డబ్బు తీసుకుంటారా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, రాయగడ

జవాబు: విద్యార్థులే. కాలేజీలో చేరిన అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చునన్నది 2024 నాటికి చాలాకాలంగా ఉన్న నియమం. ఒక ఏడాదిలో నాలుగు ఆటలకు మించి ఆడకపోతే ఆ ఏడాదిని సీజనుగా లెక్కించేవారు కాదు. పైన చెప్పిన ఒహాయో స్టేట్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని విసిరి ఆట నడిపించే ఆటగాడు, విల్ హోవర్డ్ అంతకుముందు నాలుగేళ్లు కేన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. 2020 కోవిడ్ ఏడాదిని లెక్కలోంచి తీసేయడంతో అయిదో ఏడాది ఒహాయో స్టేట్‌కు ఆడగలిగాడు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖచిత్రాలతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. నిండిన స్టేడియాలతో విశ్వవిద్యాలయాలు కోట్లు గడిస్తున్నప్పుడు, దెబ్బలు తినే కుర్రవాడికి వాటా ఇవ్వడం సబబే. అయితే ఏడాదికో కాలేజీ మారే ఆటగాడి చదువు ఏమవుతుందన్న దిగులు నాకు ఉంది.

ప్రశ్న: కబడ్డీ ఆడేవాణ్ని. ఈ ఆటలో మాటిమాటికీ ఎందుకు ఆగుతారో అర్థం కాదు. ఎలా చూడాలి?
– గుణుపురం పాఠకుడు

జవాబు: మీకు తొందరగానే అర్థమవుతుంది. కబడ్డీలో ఒక్కో రైడ్ ఎలా విడిగా మొదలై ముగుస్తుందో, ఇక్కడ ఒక్కో ఎత్తు, అంటే డౌన్, అలాగే మొదలై ముగుస్తుంది. మధ్యలో రెండు జట్లూ తరువాతి ఎత్తుకు సర్దుకుంటాయి. బంతి ఉన్న జట్టుకు నాలుగు ఎత్తులు ఉంటాయి. ఆ లోపల పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు దొరుకుతాయి, పోలేకపోతే బంతి ఎదుటివారిది. బంతితో గీత దాటితే ఆరు పాయింట్లు, ఆ వెంటనే బంతిని కాలితో కొట్టి ఇంకొకటి సంపాదించవచ్చు; గీత దాటకుండానే కాలితో కొట్టి స్తంభాల మధ్యనుంచి పంపితే మూడు. మొదట్లో బంతిని వదిలేసి, మూడో ఎత్తుకు ఇంకా ఎన్ని గజాలు కావాలో ఒక్కటే గమనిస్తూ ఉండండి. అక్కడి తూర్పు ప్రాంతంలో మధ్యాహ్నం 12కు మొదలయ్యే ఆట మనకు శనివారం రాత్రి 9.30కి వస్తుంది, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక అది 10.30 అవుతుంది.